మూడో మంచం

ఫిబ్రవరి 21

పాస్‌పోర్టులు వచ్చాయి. అమ్మదీ నాదీ. రెండూ కొత్తవే, తెరిస్తే పేజీలు ఇంకా అతుక్కుపోయి ఉన్నాయి. అమ్మకి డెబ్భై రెండు, నాకు నలభై ఏడు. ఇద్దరిలో ఎవరూ ఇంతవరకు సముద్రం దాటలేదు. మా ఆఫీసులో పెయ్‌షాన్‌కి ముప్ఫై కూడా నిండలేదు, జపాన్ ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందో దానికే గుర్తులేదు. అలాంటివి నేను పట్టించుకోను. ఈ ప్రయాణం అమ్మ కోసం.

నాన్న పోయి ఏడాది తిరిగింది. ఇంట్లో పూజకి పెట్టుకున్న పెద్దల పేర్ల ఫలకంలో ఆయన పేరూ కలిపేశాం. ఇక అమ్మ ఎక్కడికైనా వెళ్ళొచ్చు, ఎవరూ ఏమీ అనరు. సాక్స్ ఫ్యాక్టరీలో నాన్న బాగుచేసే యంత్రాలన్నిటి మీదా ఒసాకా అని రాసి ఉండేది. “ఒకసారి వెళ్ళి వీటి పుట్టిల్లు చూసొద్దామే” అని అమ్మతో అంటూ ఉండేవాడు. ఎప్పుడని అడిగితే, వచ్చే ఏడు. ముప్ఫై ఏళ్ళపాటు వచ్చే ఏడు.

అక్టోబరులో అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్. ఆ తర్వాత మళ్ళీ ఎప్పటికి హాయిగా నడుస్తుందో డాక్టరు చెప్పనే లేదు. అందుకని ఏప్రిల్‌లో ఒసాకా. సమాధులు శుభ్రం చేసే పండగ అయిపోగానే బయల్దేరతాం. విమానం టికెట్లు కొనేశాను. మిగిలింది హోటలొక్కటే. అదేమంత పని.

ఫిబ్రవరి 23

మధ్యరకం హోటల్ అంటే ఏమిటో తెలిసొచ్చింది. చౌక హోటల్లో ఏం బాగుండదో ముందే తెలుస్తుంది. ఖరీదైన దానికేసి మనం చూడం. మధ్యరకం వాటిలోనే లోపాలన్నీ ఎక్కడో నక్కి ఉంటాయి, మనమే వెతుక్కోవాలి.

“గది అద్దంలా ఉంది, మనుషులు బంగారం” అని ఒకాయన రాశాడు. దాని కిందే ఒకామె, తెల్లవార్లూ రైలు తన దిండు కిందనుంచి వెళ్ళిందని రాసింది. ఇద్దరూ ఒకే వారంలో అక్కడ ఉన్నారు. ఎవరిని నమ్మాలి?

స్టేషన్ నుంచి నడిచి ఐదు నిమిషాలట. ఎవరి కాళ్ళతో? స్నానాల గదిలో తొట్టి అంచు ఎంత ఎత్తుంటుందో చూద్దామంటే ఒక్కడూ ఫొటో పెట్టడు. మోకాళ్ళు మడవలేని మనిషి ఆ అంచు దాటి లోపల కాలు పెట్టాలి, నాకు కావలసింది అదొక్కటే. మంచం మీద హంసలా మడిచిపెట్టిన తువ్వాలుకి మాత్రం నాలుగు ఫొటోలు.

చివరికి ఒకటి తేలింది. పసుపు కర్టెన్లు, రెండు మంచాలు, లిఫ్టు. రేపు అమ్మకి చూపిస్తాను.

ఫిబ్రవరి 24

ఆఫీసులో ప్రింటు తీసి తెచ్చాను. ఫోన్లో చూపిస్తే అమ్మ “కనిపించింది కనిపించింది” అంటుంది, ఏమీ చూడదు.

కాగితం దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. “మంచాలు రెండేనా?”

“మనం ఇద్దరమే కదమ్మా.”

“మూడున్న గదులు ఉండవా?”

“మూడోది దేనికి?”

“సామాను పెట్టుకోవద్దూ?” అంది. అంటూనే లేచింది. “ఉండు, మీ నాన్నని అడిగి చెప్తాను.”

కాగితం తీసుకెళ్ళి ఫలకం ముందు పెట్టింది. అది ఎగిరిపోకుండా నాన్న కోసం పెట్టిన డబ్బా కాఫీని దానిమీద బరువుగా ఉంచింది. అగరొత్తి వెలిగించి, పెదాలు మాత్రం కదుపుతూ ఏదో అడిగి, పోయినవాళ్ళ జవాబు చెప్పే రెండు చంద్రవంక చెక్కముక్కలూ నేల మీదికి వదిలింది. ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్వుతున్నట్టు, ఏ సంగతీ తేల్చనట్టు. రెండూ బోర్లా పడ్డాయి. అంటే కాదు.

“ఒప్పుకోలేదు” అంది అమ్మ.

“ఏం బాలేదట?”

“నాకేం తెలుసు. ఇంకోటి చూడు.”

నాకేం కోపం రాలేదు. పసుపు కర్టెన్లు నాన్నకి నచ్చేవి కావు, ఆ మాట నిజమే.

ఫిబ్రవరి 27

కాలవ పక్కన ఒకటి దొరికింది. తొట్టి అంచు పొట్టిది, ఈసారి అడిగి మరీ తెలుసుకున్నాను. పొద్దున టిఫిన్‌లో అన్నం, చేప. అమ్మ చదివి, “తొట్టి బాగుంది” అంది. ఎంత సంతోషం వేసిందో.

నాన్న కాదన్నాడు.

ఫిబ్రవరి 28

అన్నయ్య తైచుంగ్ నుంచి ఫోన్ చేశాడు. కంపెనీ పని మీద దేశాలన్నీ తిరుగుతాడు కాబట్టి అన్నీ తెలుసు.

“హోటలంటే పడుకోడానికే కదే. ఏదో ఒకటి పట్టెయ్యక, ఇంత రాద్ధాంతమా?”

“నాన్న ఒప్పుకోవట్లేదు.”

పగలబడి నవ్వాడు. “బతికుండగా మన షెతోవ్ ఊరు దాటితే నిద్రపట్టని మనిషి. ఆయన్ని పట్టుకుని హోటళ్ళ గురించి అడుగుతారా మీరిద్దరూ!”

“నవ్వింది చాలు. నువ్వొచ్చి చూసి పెట్టు.”

“నాకెక్కడ కుదురుతుందే? చూడు ఆయున్, అమ్మకి అసలు వెళ్ళాలని లేదేమో. నువ్వే ఊరికే ఆవిడ ప్రాణం తీస్తున్నావు.”

ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను. అమ్మకి వెళ్ళాలని లేకపోవడమేమిటి? పాస్‌పోర్టు ఫొటో కోసం జుట్టు రంగు వేయించుకున్న మనిషి.

మార్చి 2

పదో అంతస్తులో వేడినీళ్ళ స్నానాలున్న హోటల్. కాదన్నాడు.

మార్చి 3

నిన్నటి హోటల్ గురించే ఇంకోసారి అడగమన్నాను. నవ్వాడు.

మార్చి 4

అద్దం మంచానికి ఎదురుగా ఉందని ఒకటి, చావు మాటలా వినిపించే నాలుగో అంతస్తు అని ఒకటి, వరండా చిట్టచివరి గది అని ఒకటి, వీటిని అమ్మే తీసేసింది. నాన్న దాకా వెళ్ళనే లేదు. చిట్టచివరి గదిలో పోయినవాళ్ళెవరుంటారో, ఎన్నాళ్ళనుంచి ఉంటున్నారో తెలియదట. ఇందులో నేను వాదించను, నాకూ భయమే. కానీ ఇక్కడినుంచి గది ఎక్కడిస్తారో ఎలా తెలుస్తుంది? రాసి అడిగాను. “మీ కోరికను దృష్టిలో ఉంచుకుంటాం” అని జవాబు వచ్చింది. అంటే ఉంచుకోరు.

రోజురోజుకీ గదులు తగ్గిపోతున్నాయి, ధరలు పెరుగుతున్నాయి. అక్కడ పూలు పూసే కాలమట. ఇంకో రెండు వారాలు పోతే మధ్యరకం అన్నదే మిగలదంది పెయ్‌షాన్.

“అక్కా, మీ నాన్నగారికి మొత్తం ఒక్క పేజీ మీద వేసి చూపిస్తే? పక్కపక్కన పెట్టి పోల్చుకుంటారు” అని కూడా అంది. వేళాకోళమో నిజంగానో తెలియలేదు. నేను నిజంగానే అలా చేశాను. నాన్న నవ్వాడు.

మార్చి 6

అమ్మ ఎర్ర గుడ్డతో చిన్న సంచి కుడుతోంది. అరచేతిలో పట్టేంత. మెడలో వేసుకునేలా తాడు కూడా పెట్టింది.

“పాస్‌పోర్టు అందులో పట్టదమ్మా” అన్నాను.

“పట్టక్కర్లేదు” అంది.

సంచి కుడుతోందంటే వెళ్ళాలని ఉన్నట్టే కదా. అన్నయ్యకి ఇది చెప్పాలి. చెప్పను, మళ్ళీ నవ్వుతాడు.

మార్చి 8

ఇక నా వల్ల కాలేదు. ఎవరినీ అడక్కుండా బుక్ చేసేశాను. స్టేషన్‌కి ఎదురుగానే, టిఫిన్‌తో కలిపి, ఇద్దరికి. ఇవాళ హాయిగా అన్నం తిన్నాను.

మార్చి 9

పొద్దున్నే ప్రింటు తీసి పెయ్‌షాన్‌కి చూపించాను. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అక్కా, ఇది ఒకటే మంచం.”

“ఇద్దరికి అని రాశారుగా.”

“ఇద్దరికీ కలిపి ఒకటే. దీని వెడల్పు మన క్యాంటీన్ బల్లంత ఉంటుంది. కొత్త పెళ్ళివాళ్ళు కూడా రెండోరోజు పోట్లాడుకుంటారు.”

రద్దు చేశాను. ఆ కాగితం చించేసి ఉండాల్సింది. సంచిలోనే పడేసుకుని ఇంటికి తెచ్చాను, అమ్మ చూసింది. “ఒకటే మంచం” అంది మెల్లగా. తిట్టలేదు. మంచం బొమ్మ మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత జామకాయ కోసి, రేగుపొడి చల్లి నా ముందు పెట్టి, “తిను” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 12

దొరికింది! ఇంక తిరుగులేదు.

మూడు మంచాల గది. ముగ్గురికని రాసి ఉన్నా ఇద్దరికీ ఇస్తారట, ధర కాస్త ఎక్కువ, భరించొచ్చు. ఐదో అంతస్తు. తొట్టి లేదు, కూర్చుని స్నానం చేసే పీట ఉంది. అద్దం గోడ పక్కకి. స్టేషన్‌లో లిఫ్టు ఎక్కితే నేరుగా హోటల్ గుమ్మం ముందు దిగుతాం, అమ్మ ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. వరండా పటం కూడా సంపాదించాను, ఆ గది చివరిది కాదు, మధ్యది.

అమ్మ మొహం వెలిగిపోయింది. ఒక మంచం కిటికీ పక్కన ఉంది. “ఇది బాగుంది, వెలుతురొస్తుంది” అంది. సామానుకి వెలుతురెందుకని అడగబోయి ఊరుకున్నాను. పనైపోతే చాలు.

బట్టలు మార్చుకుని, నారింజపళ్ళు కొత్తవి పెట్టి, కాఫీ డబ్బా మూత కూడా తీసి మరీ అడిగింది. కాదు. మళ్ళీ అడిగింది. కాదు. ముచ్చటగా మూడోసారి. చెక్కముక్కలు దొర్లుకుంటూ వెళ్ళి బీరువా కిందికి పోయాయి. పాకి మరీ చూశాను. రెండూ బోర్లా.

నాన్న మీద నాకు ఎప్పుడూ ఇంత కోపం రాలేదు. బతికుండగా మొండివాడే, కానీ కనీసం కారణం చెప్పేవాడు.

మార్చి 13

పొద్దున గంజి తాగుతూ అమ్మ అంది, “ఇప్పుడొద్దులే ఆయున్. వచ్చే ఏడు చూద్దాం.”

వచ్చే ఏడు.

స్కూటర్ ఎంత వేగంగా నడిపానో గుర్తులేదు. ఆఫీసులో లెక్కలన్నీ తప్పులే.

మార్చి 14

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ ఆ ప్రింటు కాగితాలన్నీ దొంతరగా పేర్చి, దారంతో కట్టి, పాత పేపర్ల పక్కన పెట్టేసింది. చూడగానే నా నోరు నా మాట వినలేదు.

“వచ్చే ఏడు అంటావా? ఆ మాట ఆయనది! ఆయన పోయినా ఆ మాట ఇంట్లోనే ఉండిపోయిందా? వచ్చే ఏటికి నీ మోకాళ్ళు ఎలా ఉంటాయో తెలుసా నీకు?”

“అరవకు. పక్కింటివాళ్ళు వింటారు.”

“విననీ! మూడు వారాలనుంచి కళ్ళు కాయలు కాసేలా వెతుకుతున్నాను. తొట్టి కొలిచాను, మెట్లు లెక్కపెట్టాను. ఏది తెచ్చినా కాదంటాడు. ఒసాకా ఊళ్ళో ఇంకేం మిగిలింది? ఆయనకి ఎలాంటి హోటల్ కావాలో అదైనా అడుగు!”

అమ్మ నా వంక తెల్లబోయి చూసింది. “హోటల్ గురించి ఎవరడిగారే?”

“మరి రోజూ ఏం అడుగుతున్నావు?”

అమ్మ కళ్ళు తుడుచుకోవడానికి చొక్కా చెయ్యి వెతుక్కుంది. అప్పుడు చెప్పింది.

“వస్తావా అని.”

దారంతో కట్టిన కాగితాలకేసి చూశాను.

“ఇదుగో ఇలాంటి చోట ఉంటాం, కాగితం చూడు, వస్తావా అని అడిగేదాన్ని. ఆయన ముందున్న అగరు బూడిద కాస్త ఆ ఎర్ర సంచిలో పోసి మెడలో వేసుకుంటే ఆయనా వచ్చినట్టే అనుకున్నా. రానంటే బలవంతాన తీసుకెళ్ళకూడదు కదా. మంచి చోటు దొరికితే మనసు మారుతుందేమో అనుకున్నా. మొన్నటి కిటికీ పక్క మంచం చూసి తప్పకుండా వస్తాడనుకున్నా.”

మూడో మంచం. సామానుకట! ఆ కాగితాలు ప్రింటు తీసింది నేను, రోజూ వెనక నిలబడి చూసింది నేను, ఒక్కసారైనా ఏం అడుగుతున్నావమ్మా అనలేదు. కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. మళ్ళీ అంతలోనే వచ్చేసింది, ఈసారి అమ్మ మీద కాదు.

“ఆయన రాడు. అప్పుడూ వచ్చేవాడు కాదు. ఫ్యాక్టరీవాళ్ళు ఇద్దరికీ టికెట్లిస్తామంటే వద్దన్నాడు, నీకు గుర్తులేదా?”

“గుర్తుంది. విమానమంటే భయం. చెప్పుకోలేక వచ్చే ఏడు అనేవాడు. నాకు తెలియదా?”

“తెలిసీ ఊరుకున్నావా?”

“ఆయన్ని వదిలేసి ఎలా వెళ్తానే?” అంది. నా వైపు చూసింది. “నువ్వు మాత్రం వెళ్ళావా? నీకూ చూడాలనే ఉంది. దాన్ని తీసుకొచ్చి నా మోకాళ్ళ మీద పెడుతున్నావు.”

ఆ మాట నేను పట్టించుకోలేదు. నేరుగా వెళ్ళి చెక్కముక్కలు అందుకున్నాను.

“నాన్నా, నువ్వు రాకపోతే మానెయ్. మేం వెళ్తున్నాం. సరేనా?”

రెండూ వెల్లకిలా పడ్డాయి. నవ్వుతున్నాడు.

“నీ మాట తీరుకి నవ్వక ఏం చేస్తాడు?” అంది అమ్మ వెనకనుంచి. “పేరు చెప్పు. ఊరు చెప్పు. మర్యాదగా అడుగు.”

అగరొత్తి వెలిగించాను. నా పేరు చెప్పాను, ఊరు చెప్పాను, వీధి, ఇంటి నంబరు చెప్పాను, ఆయన కట్టిన ఇంటి నంబరు ఆయనకే. తర్వాత పైకే అడిగాను, అమ్మకి వినపడేట్టు. “నాన్నా, నువ్వు ఇంటి దగ్గరే ఉండు. అన్నయ్య వచ్చి దీపం పెడతాడు. అమ్మని నేను జాగ్రత్తగా తీసుకెళ్ళి తీసుకొస్తాను. ఒప్పుకుంటావా?”

ఒకటి బోర్లా. ఒకటి అక్కడే గిర్రున తిరిగి, తిరిగి, వెల్లకిలా పడింది.

నేను మళ్ళీ వెయ్యడానికి వంగితే అమ్మ నాకంటే ముందు, ఆ మోకాళ్ళతోనే, వంగి చెక్కలు రెండూ తీసేసుకుంది. సొరుగులో పెట్టి మూసేసింది.

“మళ్ళీ అడక్కు. మనసు మార్చుకుంటాడు” అంది.

తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు చాలాసేపు పారాయి. నేను లోపలికి వెళ్ళలేదు.

మార్చి 15

దారం విప్పి కాగితాలన్నీ మళ్ళీ పరిచింది. “కాలవ పక్కది. తొట్టి పొట్టిది, టిఫిన్‌లో చేప ఉంది. మంచాలు రెండు చాలు.” ఇంతే. తేల్చడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

నిండిపోయింది. కాలవ పక్కది కాస్తా నిండిపోయింది! మూడు మంచాలదీ పోయింది. మధ్యరకంలో మిగిలింది ఒక్కటే, పసుపు కర్టెన్లది. ఫిబ్రవరిలో చూసినప్పటికంటే ధర ఎంత పెరిగిందో రాస్తే మళ్ళీ ఒళ్ళు మండుతుంది. దాన్నే బుక్ చేశాను. రెండు మంచాలని అక్షరం అక్షరం మూడుసార్లు చదివి చేశాను. తొట్టి అంచు గురించి అడిగితే స్టూలు ఇస్తామన్నారు.

అన్నయ్యకి ఫోన్ చేసి దీపం సంగతి చెప్పాను. “నేనా? మూడు రోజులూ?” అన్నాడు. “నాన్నకి మాటిచ్చేశాను” అన్నాను. ఇక ఏమనగలడు?

ఏప్రిల్ 6

సమాధి దగ్గర గడ్డి తీసి, దానిమీద పూజ కాగితాలు పరిచి వచ్చాం. అమ్మ నాన్నని ఏమీ అడగలేదు, ఏం వండాలో మాత్రం అన్నయ్యకి చెప్పింది, నాన్నకి పెట్టడానికి. సామాను సర్దాను. విమానం గురించి నాకేం భయం లేదు.

ఏప్రిల్ 9

కొద్దిగా ఉంది.

ఏప్రిల్ 10, ఒసాకా

విమానం లేచేటప్పుడు అమ్మ కిటికీలోంచి చూస్తూ ఉంది, నేను కళ్ళు మూసుకున్నాను. ఇదీ నాన్న పోలికే అంది. ఎర్ర సంచి మెడలో వేసుకుంది. మోకాళ్ళ నొప్పి మాత్రలు అందులో పెట్టుకుంది, చేతికి అందుబాటులో ఉంటాయని.

స్టేషన్ నుంచి ఐదు నిమిషాలన్నది అరగంట అయింది. మధ్యలో రెండుచోట్ల కూర్చుంది. హోటల్లో పిల్ల తాళం ఇచ్చి, వంగి దణ్ణం పెట్టి, లిఫ్టు చూపించింది. లిఫ్టు దిగి నంబర్లు చూసుకుంటూ నడిచాం. ఇంకా నడిచాం. వరండా అయిపోయింది.

చిట్టచివరి గది.

ఇన్ని వారాల పని, ఇన్ని ఉత్తరాలు, వరండా పటం, అన్నీ ఒక్క దెబ్బతో గంగలో కలిశాయి. ఏడుపొచ్చేసింది. “ఇక్కడే ఉండమ్మా, నేను కిందికెళ్ళి మార్పించుకొస్తా. వీళ్ళ సంగతి చెప్తాను” అన్నాను. ఏ భాషలో చెప్తానో ఆలోచించలేదు.

అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. తలుపు ముందుకెళ్ళి, జుట్టు సవరించుకుని, వేలి కణుపుతో మెల్లగా తట్టింది. ఎవరైనా లోపల ఉంటే సర్దుకోవడానికి వీలుగా కాస్త పక్కకి జరిగి నిలబడింది. తర్వాత తలుపుతో చెప్పింది.

“ఏమనుకోకండి. మేం షెతోవ్ నుంచి వచ్చాం. ఇది నా కూతురు. ఇద్దరమే. మూడు రాత్రులుండి వెళ్ళిపోతాం.”

ఇద్దరమే అనేటప్పుడు ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. నేనే, పెట్టె చక్రంలో ఏదో ఇరుక్కున్నట్టు, వంగి దాన్ని చూస్తూ కాసేపు అక్కడే ఉండిపోయాను. చక్రానికి ఏమీ కాలేదు.